నడుందాకా బురద

జువ్వ ఎగరనివాణ్ణి బురదలో పడేయడం ఆ ఊరి కట్టుబాటు. వానలకు ముందు జువ్వల పండగ వస్తుంది. ఎవరి జువ్వ తుస్సుమంటే వాణ్ణి కాళ్లూ చేతులూ పట్టి గుంటలోకి విసురుతారు. పైకి లాగి గ్లాసెడు బియ్యం సారా పోస్తారు. ఎగిరితే భుజాల మీద ఊరేగిస్తారు. బున్‌లోమ్‌కి భుజాల సంగతి తెలియదు. బురద సంగతి మాత్రం ప్రతి ఏడూ తెలిసేది. అతను గుంటలోంచి లేస్తుంటే భార్య చన్‌పెంగ్ గట్టు మీద పొట్ట పట్టుకుని నవ్వేది.

నిరుడు ఆమె పోయింది. నిరుడూ జువ్వ తుస్సుమంది. అతను చొక్కా విప్పి, చెప్పులు పక్కన పెట్టి నిలబడ్డాడు. ఎవరూ దగ్గరికి రాలేదు. పాపం, పెళ్లాం పోయినవాడు, వదిలేయండన్నారు. చెప్పులు తొడుక్కుని ఇంటికి నడిచాడు. ఆ ఒక్క మాటకి ఊరందరినీ ఇప్పటికీ క్షమించలేదు.

ఈసారి ఎగరాల్సిందే. ఎగిరితే జాలిపడే పని ఎవరికీ ఉండదు. ఎండాకాలమంతా సూరేకారం, బొగ్గుపొడి కలిపి దంచాడు. గొట్టంలో కూరాడు. ఆ రోకటిపోటుకి పక్కింటి కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి. పక్కింటావిడ అడగడానికి వస్తే, కోళ్లకి పనిమీద శ్రద్ధ లేదన్నాడు. మందు అంటుకుని ఒక కనుబొమ్మ కాలిపోయింది. రెండోది ఉంది కదా అని దంపుడు సాగించాడు.

పండగనాడు బావమరిది వైరోత్ గుంటలో నీళ్లు పోసి కాళ్లతో తొక్కుతున్నాడు.

"నీకోసమే మెత్తగా కలిపాను బావా. రాళ్లు కూడా ఏరేశాను."

"నువ్వే పొర్లు. నాకు పనుంది."

వెదురు నిచ్చెన మీదికి జువ్వ ఎక్కించి వత్తి అంటించారు. లేచింది. తోక ఊపుకుంటూ మబ్బులోకి దూరింది. ఊరంతా నోళ్లు తెరుచుకుని చూసింది. దిగడం మాత్రం ఎవరికీ కనిపించలేదు. తలలు పైకెత్తుకునే భోజనాలకి కూర్చున్నారు. జిగురన్నం ముద్దలు కొందరికి ముక్కుల్లోకి పోయాయి. ఎంతసేపు ఎగిరిందో లెక్కకట్టడానికి గడియారం పట్టుకున్నవాడి మెడ పట్టేసింది. జువ్వ రాలేదు.

నేల మీద పడ్డది చూస్తేనే ఎగిరినట్టు లెక్క అన్నాడు వైరోత్.

"ఎగరకపోతే ఎక్కడుందిరా? నీ జేబులో ఉందా?"

"నా జేబులో లేదు బావా. పైనుందని నువ్వు చూపించు."

సగం మంది ఊరేగింపన్నారు, సగం మంది బురదన్నారు. ఎవరి మాట వాళ్లు నెగ్గించుకోడానికి ఒకరు కాలు పట్టుకుంటే ఒకరు చెయ్యి పట్టుకున్నారు. బున్‌లోమ్ మధ్యలో మంచంలా వేలాడాడు. చివరికి ఊరిపెద్ద తీర్పు చెప్పాడు.

"ముసలివాడు, ఒంటరివాడు. నడుందాకా దింపండి, చాలు. సారా సగం గ్లాసు పోయండి."

భుజాల మీదే గుంటదాకా మోశారు. నీళ్లబిందెని దింపినట్టు జాగ్రత్తగా దింపారు. కింద బురద, పైన పొడి చొక్కా. ఎవరూ నవ్వలేదు. పాపం అన్నట్టు చూస్తున్నారు. వైరోత్ సగం గ్లాసు అందించాడు.

బున్‌లోమ్ గ్లాసుకేసి చూశాడు. ఆ మొహాలకేసి చూశాడు.

"ఒంటరివాడికి సగమా?" అన్నాడు.

అని కూర్చున్నాడు. తల మునిగింది. బుడగలు వచ్చాయి. లేచాక ఏది మొహమో ఏది వీపో తెలియలేదు. ముందు పక్కింటావిడ నవ్వింది. తరువాత ఆగలేక ఊరిపెద్ద నవ్వాడు. ఇక ఊరంతా గట్టు మీద దొర్లింది.

"ఇప్పుడు నిండా పొయ్యి" అన్నాడు బున్‌లోమ్.

వైరోత్ కళ్లు తుడుచుకుంటూ పోశాడు. బున్‌లోమ్ బురదతో సహా గడగడా తాగి, గ్లాసు తిరిగిచ్చాడు.

"నీళ్లు కలిపావు" అన్నాడు.