తలుపు అవతల వయొలిన్

ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. హాల్లో ఆయన వాళ్ళ అక్కతో ఫోన్లో మాట్లాడుతున్నారు.

"పంపింది విన్నావా అక్కా? నీ మేనకోడలే! నిన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి గది తలుపేసుకుని వాయించుకుంటోంది. చప్పుడు చెయ్యకుండా బయటే నిలబడి రికార్డు చేశాను. ఒళ్ళు పులకరించిందంటే నమ్ము."

ఇస్త్రీపెట్టె కదపడం మరిచిపోయాను. కాలర్ మాడిన వాసన వచ్చింది. నిన్న వాయించింది నేను. అమ్మాయి ఆ వేళకి ఈత క్లాసులో ఉంది. మంగళవారం సాయంత్రాలు కూతురు ఇంట్లో ఉండదని ఆయనకు తెలియదు.

ఆరేళ్ళ కిందట పిల్లను వయొలిన్‌లో చేర్చినప్పుడు మాస్టారు ఒక నియమం పెట్టారు. అమ్మో నాన్నో పక్కన కూర్చోవాలి. ప్రతి పాఠమూ ముందు వాళ్ళు నేర్చుకోవాలి, అప్పుడే ఇంట్లో పిల్ల తప్పు దిద్దగలరట. "నాకు ఆఫీసుంది. నువ్వు ఖాళీయేగా" అన్నారు ఈయన. అవును, ఖాళీయే. అయిదింటికి లేచి వంట, డబ్బాలు, అత్తయ్య మందులు, బట్టలు, మళ్ళీ వంట. వీటి మధ్య నేనెప్పుడూ ఖాళీయే. అలా ముప్ఫై నాలుగేళ్ళకి కమాను పట్టుకున్నాను. మొదట్లో వయొలిన్ తోక తొక్కిన పిల్లిలా అరిచేది. నేనూ అమ్మాయీ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. ఒకరోజు ఒక్క స్వరం, ఒకే ఒక్కటి, సరిగ్గా పలికింది. దవడ ఎముకలోంచి దిగి గుండెలో మోగింది. ఆ రోజంతా గిన్నెలు తోముతున్నా అది నాలో తిరుగుతూనే ఉంది. ఇంట్లో ఎవరికీ పెట్టకుండా నేనొక్కదాన్నే తిన్నట్టు సిగ్గేసింది కూడా.

పిల్లకి మాత్రం అది హోంవర్కే. ఏడాది కిందట "ఇంక నావల్ల కాదమ్మా, నాన్నకి చెప్పకు" అని వదిలేసింది. నేను చెప్పలేదు. చెబితే వయొలిన్ ఇంట్లోంచి వెళ్ళిపోతుందని నా భయం. దాచడం తప్పే. దేవుడి ముందు కూర్చుని ఒప్పుకున్నాను. ఆ దేవుడిచ్చిన వేళ్ళతో వండిపెడితే పుణ్యమూ, వాయించుకుంటే దొంగతనమూ ఎలా అవుతాయని కూడా అడిగాను. కోప్పడ్డట్టు అనిపించలేదు. తన ముందు వాయిస్తే వింటాడేమో అనిపించింది.

ఆదివారం వదిన వచ్చింది. అత్తయ్య కుర్చీ ముందుకి జరుపుకున్నారు. ఆయన వయొలిన్ తెచ్చి అమ్మాయి ఒళ్ళో పెట్టి, "మొన్నటిది వాయించమ్మా, అత్త దాని కోసమే వచ్చింది" అన్నారు.

పిల్ల నా వంక చూసింది. అబద్ధం ఆడమని నేనెలా సైగ చెయ్యను?

"అది నేను కాదు నాన్నా, అమ్మ. నేను మానేసి ఏడాదైంది."



"నాలుగైదుసార్లు కూర మాడిన వాసన వస్తే నా ముక్కు చెడిందేమో అనుకున్నాను" అన్నారు అత్తయ్య. "కోడలు కచేరీలో ఉందన్నమాట!"

వదిన పకపకా నవ్వింది. "ఈ వయసులో నీకిదేం సరదానే?"

ఆయన నవ్వలేదు. ఫోన్ తీసి రికార్డింగ్ చెరిపేశారు. నా కళ్ళెదుటే. మొన్న ఒళ్ళు పులకరింపజేసిన పాట, వాయించింది పెళ్ళామని తెలిసేసరికి ఉత్త చప్పుడైపోయింది.

"వాయించేవాళ్ళు లేనప్పుడు ఇంట్లో ఎందుకిది? మీ చిన్నదానికి తీసుకెళ్ళక్కా" అని, నాతో "పెట్టెలో సర్ది ఇవ్వు" అన్నారు.

"కొత్తదానిలాగే ఉందిరా. మా చిన్నది ఎగిరి గంతేస్తుంది" అంటూ వదిన చెయ్యి చాచింది.

వాయించేవాళ్ళు లేనప్పుడు! నేను ఆ గదిలోనే, ఆయనకు రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. కోపం రాలేదు. ఇన్నేళ్ళూ ఈయన నన్ను ఎక్కడ నిలబెట్టారో అప్పుడే కొలత దొరికినట్టయింది. పిల్ల ఒళ్ళోంచి వయొలిన్ తీసుకున్నాను. కమానూ తీసుకున్నాను.

"ఇవ్వను వదినా. ఇది నేను వాయించుకుంటాను."

"చూశావట్రా!" అన్నారు అత్తయ్య.

ఆయన లేచారు. "ఏడాదిగా పిల్ల మానేస్తే నాకొక్క మాట చెప్పలేదేం?"

"చెప్పకపోవడం నా తప్పే. కానీ మీరు రోజూ విన్నారు. ఎవరు వాయిస్తున్నారో ఒక్కసారీ తలుపు తీసి చూడలేదు."

గదిలోకి వెళ్ళి, ఈసారి తలుపు బార్లా తెరిచే ఉంచాను. హాల్లోంచి "వదినకి కాఫీ!" అని అత్తయ్య కేక వినపడింది. నేను తీగలు శ్రుతి చేసుకుంటున్నాను.