బోణీ పోయిన డీజిల్ పంపు

నేను ఒక డీజిల్ పంపును. పంపంటే బోరు పంపు అనుకునేరు. బంకులో రోడ్డు వైపు మొహం పెట్టి, పక్కన రబ్బరు పైపు వేలాడేసుకుని నిలబడతామే, ఆ జాతి మాది. చదువంటారా, అంకెలు తప్ప నాకేమీ రావు. జ్ఞాపకం మాత్రం దండిగా ఉంది. కూర్చోండి, చెబుతాను.

పుట్టింది ఎక్కడో పడమటి వైపు ఒక కార్ఖానాలో. రేకులు ఒకరు వంచారు, చక్రాలు ఒకరు బిగించారు, ఎర్రరంగు ఇంకెవరో పూశారు. కన్నవాళ్లలో ఒక్కరి మొహమూ గుర్తులేదు. గడ్డిలో చుట్టి లారీ మీద తెచ్చి, విజయనగరం నుంచి గజపతినగరం పోయే రోడ్డు పక్కన, వెంకటసూరి గారనే ఆసామి బంకులో నిలబెట్టారు. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్లు నా కాళ్ల మీద చల్లగా పడటం ఇప్పటికీ జ్ఞాపకమే.

నా కాళ్ల కింద భూమిలో పెద్ద ట్యాంకు. అందులోకి వచ్చే సరుకు నాకంటే లోకం ఎక్కువ చూసింది. ఏ ఎడారి కిందో పుట్టి, ఓడెక్కి, విశాఖపట్నంలో కాగి, ట్యాంకరులో మా ఊరొచ్చేది. ఏ దేశాలవాళ్లో కొట్టుకుంటే ఇక్కడ నా మొహం మీద రేటు మారేది. తిట్లు నాకు. ఒక లారీ డ్రైవరైతే నన్ను తన్నాడు కూడా. పాపం, నొచ్చింది అతని కాలే.

పెద్దాయన పోయాక బంకు ఆయన కొడుకు సూరిబాబు చేతికొచ్చింది. సూరిబాబు వచ్చాకే పైడితల్లి పనిలో చేరింది. మొగుడు పోయిన మనిషి. నీలం చొక్కా చీర మీద తొడుక్కుని, పొద్దున్నే నన్ను తడిగుడ్డతో తుడిచేది. ఎందరి చేతులో నా పైపు పట్టుకున్నాయి గానీ, పసిపిల్ల మెడ కింద చెయ్యేసినట్టు పట్టుకున్నది ఆమె ఒక్కతే.

బోణీ గౌరునాయుడిది. డీజిల్ ఆటో నడిపేవాడు, పెళ్లాం పోయి చాలా ఏళ్లయింది. అతని చెయ్యి మంచిదని సూరిబాబుకి గురి. అతను వచ్చేదాకా ఎవరికీ ఒక్క చుక్క పొయ్యనిచ్చేవాడు కాదు. తొందరమీదున్న లారీలు కూడా హారన్లు కొడుతూ ఆగాల్సిందే.

“సున్నా సూసుకో, నాయుడు బావా.”

“నీ మొకం సూత్తన్నాను గదే. ఇంక సున్నా ఎక్కడ కనబడద్ది?”

“నా మొకం ఊరికే సూడ్డానికి నేదు. మూత తియ్యి ముందు.”

అంతే మాటలు. పైపు తీసేదాకా ఆ నాలుగు మాటలే. మీ మనుషుల సంగతి నాకు విడ్డూరం. పని లేకుండా ఒక ఆడదీ ఒక మగాడూ మాట్లాడుకుంటే ఊరు ఊరుకోదు. నా పైపు ఆ బండిలో ఉన్నంతసేపు మాత్రం ఎవరూ ఏమీ అనలేరు. అందుకే, చెప్పకూడదు గానీ, అతనొస్తే నేను కాస్త నెమ్మదిగా పోసేదాన్ని. సూరిబాబు మెకానిక్కుని పిలిచి నన్ను చూపించాడు కూడా.

ఒకరోజు ఆటో చప్పుడు లేకుండా వచ్చింది. కొత్తది, ఆకుపచ్చది, కరెంటుది. అలవాటుగా నా ముందు ఆపాడు. పైడితల్లీ అలవాటుగా పైపు తీసి బండి చుట్టూ తిరిగింది, మూత ఎక్కడా లేదు.

“ఎక్కడ పొయ్యమంటావు బావా దీన్లో?”

“పొయ్యక్కల్లేదే. ఇంటికాడే చార్జింగు ఎట్టీసుకుంటే అయిపోద్ది. కర్సు తక్కువ.”

“అయితే మరింక రావన్నమాట.”

అతను బండి దిగాడు. షెల్ఫులోంచి చిన్న ఇంజనాయిల్ డబ్బా ఒకటి తీసి, “బోణీ” అన్నాడు.

మర్నాడూ డబ్బా, ఆ పైరోజూ డబ్బా. బంకు నిండా జనం ఉన్నప్పుడు సూరిబాబు నవ్వుతూ అడిగేశాడు. “నాయుడుగారూ, ఇంజనే లేని బండికి ఇంజనాయిలేటండీ? ఒంటికి రాసుకుంటన్నారేటి?” అందరూ నవ్వారు. పైడితల్లి నవ్వలేదు. నాయుడు మళ్లీ రాలేదు.

పాత ఆటో అయితే రెండు మలుపుల అవతల నుంచే దాని గుడగుడ నాకూ ఆమెకూ తెలిసేది. ఇప్పుడు రోడ్డు మీద ఏం పోతోందో తెలియదు. ఆమె ప్రతి ఆకుపచ్చ బండికీ తలెత్తేది, దించుకునేది. నన్ను తుడుస్తూ తుడుస్తూ, గుడ్డ నా మీదే వదిలేసి నిలబడిపోయేది.

రోజూ వచ్చే ట్యాంకరు ఎప్పుడో గానీ వచ్చేది కాదు. పక్క బడ్డీలో టీ తాగుతూ సూరిబాబు అనేవాడు, నూనె అమ్మే దేశాలవాళ్లే ఇప్పుడు కరెంటు కోసం ఎండపలకలు పరుచుకుంటున్నారట అని. కొనేవాడు తగ్గితే డీజిలు చవకవుతుందని ఒకరు, బావులు మూసేస్తే ఇంకా మండుతుందని ఒకరు. ఆ కరెంటు మాత్రం ఎక్కడిది, బొగ్గు కాల్చిందే కదా అని ఇంకొకరు. ఇంతమందికి ఇంత తెలుసు, రేపటి సంగతి ఒక్కరికీ తెలియదు. నాకొక్కటే బెంగ, నేను లేకపోతే ఆ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి సాకు ఏదని.

ఆఖరికి నన్ను పీకేశారు. నా గద్దె మీద తెల్లటి చార్జింగు మిషను పెట్టారు, కంపూ లేదు, చప్పుడూ లేదు. దాన్ని చూసుకునే పని పైడితల్లికే ఇచ్చారు. నన్ను గోడ వారగా పడుకోబెట్టి, పాత ఇనుము వ్యానుకి కబురు పెట్టారు.

వ్యాను వచ్చి, కూలీలు నాకు తాడు కడుతుండగా ఆకుపచ్చ ఆటో లోపలికొచ్చింది. పైడితల్లి చూసి కూడా చూడనట్టే వైరు తెచ్చి తగిలించింది. మిషను కూసింది. ఆమె అంకె చూసి తిరిగింది.

“బండి నిండే ఉంది గదా. మరేటి పనికొచ్చినావు?”

నాయుడు చుట్టూ చూశాడు. కొనడానికి డబ్బా లేదు. తీయడానికి మూత లేదు. బడ్డీ దగ్గర నలుగురు ఇటే చూస్తున్నారు. ఇన్నేళ్లూ నా వెనక దాచుకున్న మాట అక్కడ దాచుకునే చోటు లేక బయటికొచ్చేసింది.

“పనేటీ నేదు. నిన్ను సూడ్డానికొచ్చినాను.”

ఆమె వైరు తీసి చుట్టింది. తాపీగా చుట్టింది. తర్వాత గోడ పక్కన స్టూలు తెచ్చి నీడలో వేసింది.

“కూకో” అంది.

అప్పుడే వ్యాను కదిలింది. అతనేదో అన్నాడు, ఆమె ఏదో అంది, ఇద్దరూ నవ్వారు. ఏమన్నారో నాకు వినపడలేదు.

ఇప్పుడు విజయనగరంలో పాత ఇనుము కొట్టు వెనక, ఫ్యాను రెక్కల మధ్య పడి ఉన్నాను. వాన పడితే నాలోంచి ఇంకా కొంచెం డీజిలు వాసన వస్తుంది. కరిగించేస్తారంటే భయం లేదు. ఏ గేటో, మంచమో చేస్తారు. ఆ నీడలో స్టూలు మీద కూర్చుని అతనేమన్నాడో, ఆమె ఎందుకు నవ్విందో, ఆ రోడ్డున వచ్చినవాళ్లెవరైనా చెబితే బావుణ్ణు.