ఎత్తిపెట్టిన గిన్నె

"వచ్చే నెల నుంచి మధ్యాహ్నం భోజనం కూడా ఇంట్లోనే," అన్నాడు షిగెహరు, తిన్న గిన్నె అలాగే వదిలేసి లేస్తూ. "ఆ కుట్టుపని ఇంక మానెయ్. సోమవారం వెళ్ళి చెప్పేసిరా. రిటైరైన మగాడు ఒక్కడే కూచుని చల్లన్నం తింటుంటే నలుగురూ ఏమనుకుంటారు?"

ఇకుయో లేచి, మొగుడు తిన్న అన్నం గిన్నె, సూప్ గిన్నె, చేప ముళ్ళు మిగిలిన పళ్ళెం ఒకదాని మీద ఒకటి పేర్చుకుని సింకు దగ్గరికి నడిచింది. ముప్ఫై ఏళ్ళుగా అదే నడక. పెళ్ళైన కొత్తలో అత్తగారు గొప్పగా చెప్పింది: "మావాడికి ఇంట్లో తుడుపుగుడ్డ ఎక్కడుంటుందో కూడా తెలీదమ్మాయ్. అంత అపురూపంగా పెంచాను." పెంచింది ఆవిడ, ఆ పెంపకాన్ని మోసింది ఇకుయో. గర్భసంచి ఆపరేషనై ఆస్పత్రిలో పడుకుని ఉంటే షిగెహరు ఫోను చేశాడు. ఎలా ఉందో కనుక్కోవడానికేమో అనుకుంది. "అన్నం హస్తం ఎక్కడ పెట్టి చచ్చావ్?" అన్నాడు. ఇంటికి తిరిగొచ్చేసరికి సింకు నిండా గిన్నెలు, మెతుకులు ఎండి రాయిలా బిగిసిపోయి ఉన్నాయి. కుట్లు లాగుతుంటే నానబెట్టి, ఒక్కొక్కటే తోమింది. కోపం రాలేదా అంటే, రాకేం, వచ్చింది. కానీ పాపం, ఆయనకు తెలీదుగా, చేతకాదుగా అనుకుంది. చంటిపిల్లాడు పక్క తడిపితే కొడతామా? ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నేళ్ళూ కాపురం ఈడ్చుకొచ్చింది.

కుట్టుపని అంటే సప్పొరో స్టేషన్ కింద అంగళ్ళ వరసలో ఒక చిన్న దుకాణం. పాంట్ల పొడవు తగ్గించడం, కోట్లకు జిప్పులు మార్చడం. మిషను చప్పుడంటే ఇకుయోకి ప్రాణం. అక్కడ ఆమెను ఇంటిపేరు పెట్టి "కుమగాయ్ గారూ" అంటారు. ఇంట్లో ఆమె పేరు "ఏమోయ్".

ఆ శనివారం ఒంటిపూట పని అయ్యాక సంగతి చెప్తే, పక్క మిషను మీద కుట్టే హత్సుమి చేతిలో కత్తెర కింద పడేసింది. హత్సుమి మొగుణ్ణి వదిలేసి హాయిగా ఉన్న మనిషి. ఆమె నోటికి మూత లేదు.

"నీకేమైనా పిచ్చా అక్కా? రిటైరయ్యేది ఆయనైతే మానేసేది నువ్వా? ఆయనకు చేతుల్లేవా?"

"ఉన్నాయిలే. పుల్ల తీసి అవతల పెట్టడం రాదంతే."

"అయితే ఇవాళైనా నా మాట విను. ఆ మీసో రామెన్ కొట్టుకి పోదాం పద. ఊరూ వాడా తిన్నారు, నువ్వు తప్ప."

అదీ నిజమే. రామెన్ ఎరగనిదేం కాదు, ఇంట్లో వండేది. అత్తగారికి, మొగుడికి, పిల్లలకు పెట్టి తను కూచునేసరికి నూడుల్స్ సూపంతా పీల్చేసి ఉబ్బి, బురదలా ఉండేవి. రామెన్ రుచే అంత కాబోలనుకుని బతికేసింది. శనివారాలు షిగెహరు గో ఆట క్లబ్బుకి పోతాడు, మధ్యాహ్నం అక్కడే ఏదో తింటాడు. ఇంట్లో కాచుకుని కూచునే వాళ్ళెవరూ లేరు. సరే పద అంది.

కొట్టు ముందు వరస సందు మలుపు దాకా ఉంది. కాళ్ళ కింద మంచు, చెవుల్లో గాలి. లోపలికి అడుగుపెట్టగానే కళ్ళజోడు మీద ఆవిరి పట్టేసి ఏమీ కనపడలేదు. హత్సుమి చెయ్యి పట్టుకుని, పొయ్యిల చుట్టూ తిరిగిన పొడుగు బల్ల ముందు కూచోబెట్టింది. వంటాయన పెనంలో మొలకలు ఎగరేస్తున్న చప్పుడు, కాలిన మీసో సోయాముద్ద వాసన. కాసేపటికి గిన్నె వచ్చింది. పైన కొవ్వు పేరుకుని పొగ కూడా రావడం లేదు. ఏముందిలే అని ఒక గుక్క తాగింది. నాలిక చుర్రుమంది! నీళ్ళకోసం తడుముకుంటూ కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుంది.

ఎదురుగా, బల్ల మలుపు తిరిగిన చోట, బూడిదరంగు మఫ్లరు. తను అల్లిందే. షిగెహరు.

ముందు తనే తల దించేసుకుంది. తప్పు చేస్తూ దొరికిపోయినట్టు! తర్వాత దొంగచూపుతో ఆయన పక్కన ఆడమనిషి ఎవరైనా ఉందేమోనని చూసింది. ఒక పక్క కాలేజీ కుర్రాడు, ఇంకో పక్క ముసలాయన. అమ్మయ్య అనుకుంది. షిగెహరు కూజా అందుకుని ముసలాయన గ్లాసులో నీళ్ళు పోశాడు. ఎవరు? షిగెహరు! ఇకుయో చేతిలో చాప్‌స్టిక్స్ ఆగిపోయాయి.

షిగెహరు చివరి గుక్క తాగి, ఖాళీ గిన్నెను రెండు చేతులా ఎత్తి ఎదుటి గట్టు మీద వంటవాడికి అందేలా పెట్టాడు. దాని పక్కన గ్లాసు. బల్ల చివరనున్న తుడుపుగుడ్డ తీసుకుని తన ముందంతా తుడిచాడు. మూలన సూపు చుక్క కనపడితే వంగి మళ్ళీ తుడిచాడు. గుడ్డ మడిచి ఎక్కడిదక్కడ పెట్టాడు. స్టూలు బల్ల కిందికి తోసి, వంటాయనకు తలవంచాడు.

"చాలా బాగుందండీ. మీకు శ్రమ ఇచ్చాను."

అలా అని గుమ్మం తెర పక్కకు తీసుకుని వెళ్ళిపోయాడు. కొట్టులో ఎవరూ తలెత్తి చూడలేదు. అందరూ చేసేదే అది. ఇకుయో మాత్రం నోరు తెరుచుకుని ఆ తెర వైపే చూస్తోంది.

"ఏంటక్కా, నాలిక కాలిందా?" అంది హత్సుమి.

"మా ఆయన."

"ఏడీ? ఎవత్తెతో?"

"ఎవత్తీ లేదు. బల్ల తుడిచాడు."

హత్సుమి ఫక్కున నవ్వబోయి, ఆమె మొహం చూసి నోరు మూసుకుంది. ఈలోపు కొట్టావిడ ఆ గిన్నె తీస్తూ మొగుడితో అంటోంది: "ఎంత శుభ్రమైన మనిషయ్యా! ప్రతి శనివారం ఇంతే, ఒక్క చుక్క మిగల్చడు. ఆ ఇల్లాలెవరో పెట్టి పుట్టింది."

పెట్టి పుట్టిందట! ఇకుయోకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలీలేదు. ఇంకో ఆడదాంతో కనపడి ఉంటే ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. ఏడ్చేది, అక్క ఇంటికి పోయేది, నలుగురికీ చెప్పుకునేది. మొగుడు బల్ల తుడిచాడని ఎవరికి చెప్పుకోను? విన్నవాళ్ళు అదృష్టవంతురాలివే అంటారు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని మగాళ్ళని అంటారు గానీ, ఈయన పిల్లి కూడా కాదు, బంగారుకొండ. గుడ్డ ఎక్కడుంటుందో తెలుసు. మూలలు మళ్ళీ తుడవాలని తెలుసు. వండినవాడు మనిషని, వాడికి ఒళ్ళు నొప్పులుంటాయని తెలుసు. అన్నీ తెలిసే, ఇన్నేళ్ళూ ఆమె ముందు గిన్నె వదిలేసి లేచిపోయాడు. కుట్లు లాగుతుంటే తోమిన ఆ గిన్నెలు గుర్తొచ్చాయి. పాపం చేతకాదుగా అని జాలిపడ్డ మనిషి అసలు లేడు. ఆ జాలి ఎవరి మీద పడ్డట్టు?

"అక్కా, చల్లారిపోతుంది," అంది హత్సుమి మెల్లిగా.

ఇకుయో కళ్ళు తుడుచుకుని గిన్నె దగ్గరికి లాక్కుంది. నూడుల్స్ ఇంకా ఉబ్బలేదు. ఊదుకుంటూ, ముక్కు కారుతుంటే ఎగపీల్చుకుంటూ, అడుగు కనపడేదాకా తినేసింది.

సాయంత్రం భోజనాల దగ్గర అడిగింది, "క్లబ్బులో ఏం తిన్నారు?"

"ఏదోలే. బయటి తిండి ఇంటి తిండి అవుతుందా?" అన్నాడు షిగెహరు. తినడమయ్యాక గిన్నె పక్కకు నెట్టి పేపరు అందుకున్నాడు. "ఏమోయ్, టీ."

ఇకుయో లేచింది. సింకు దగ్గర గుడ్డ తడిపి, పిండి, మడిచి తెచ్చి ఆయన గిన్నె పక్కన పెట్టింది. మళ్ళీ వచ్చి తన సూప్ ముందు కూచుంది.

"ఏమిటిది?"

"తుడుపుగుడ్డ. సింకు పక్కన కొక్కేనికి ఉంటుంది."

"నాకెందుకిది? నాకేం తెలుసు ఇవన్నీ?"

"గిన్నె రెండు చేతులా ఎత్తి సింకు దగ్గర పెట్టండి. గ్లాసు దాని పక్కన. మూలలు మళ్ళీ తుడవండి. మధ్యాహ్నం మీకు ఎదురుగానే కూచున్నాను."

షిగెహరు చెవులు ఎర్రబడ్డాయి. పేపరు మడిచాడు, విప్పాడు. "అదా... అక్కడ అందరూ చేస్తారే. బయట జనం నిలబడి ఉంటారు. పైగా ఆ వండేవాడు పాపం పొద్దుట్నించి ఎంత కష్ట..."

అక్కడికొచ్చి ఆగిపోయాడు. ఆ మాట పూర్తిచేస్తే ఎక్కడికి పోతుందో ఆయనకే తెలిసినట్టుంది. ఇకుయో ఆ మాట పూర్తవుతుందేమోనని కాస్త ఆగింది. అవలేదు. సూప్ గిన్నె రెండు చేతులతో ఎత్తుకుంది. ఇంకా వేడిగానే ఉంది.

"సోమవారం నేను పనికి వెళ్తాను. వచ్చే నెలా వెళ్తాను. మీకు చేతకాదనుకుని చేశానండీ ఇన్నేళ్ళూ," అంది. "చేతనవునని ఇవాళే తెలిసింది."