టిక్ పెట్టిన పని

పొద్దున లేవగానే హాల్లో ఎవరెవరున్నారో చూసుకోవడం మానసకు అలవాటు. చిల్కానగర్‌లో ఆ ఇంట్లోనే కాదు, గల్లీ మొత్తం అంతే. వాయిదా వేసిన పని సాయంత్రానికి మనిషై వస్తుంది. చెప్పులు బయట విడుస్తుంది, మంచినీళ్లిస్తే తాగుతుంది, ఇంట్లో తనను చేసే మనిషి ఎవరో చూసుకుని వాళ్ల పక్కన చేరుతుంది. పని పూర్తయితే లేచి వెళ్లిపోతుంది. కారే నీళ్ల ట్యాంకు సోఫాలో కునికే బట్టతలాయన. కరెంటు మీటరు పేరు మార్పిడి ఊరికే దగ్గే ముసలాయన. వాళ్ల కాళ్లు దాటుకుంటూ మానస ఇల్లు ఊడ్చి, వంట చేసి, ఉప్పల్‌లోని టైల్స్ షాపులో బిల్లింగ్ కంప్యూటర్ ముందు కూర్చోవడానికి ఉరుకులు పెట్టేది. పాపం, అలసిపోయింది. పడుకుని లేచినా తీరని అలసట అది.

గోడవారన ఒక అమ్మాయి ఉండేది. రెండు జడలు, భుజాన కాలేజీ బ్యాగు. మానస డిగ్రీలో మిగిలిపోయిన ఎకనామిక్స్ పేపరు. పెళ్లయిన కొత్తలో వచ్చింది. కొత్తగా ఎవరొచ్చినా లేచి చోటిస్తూ, చివరికి చెప్పుల స్టాండు పక్కకు చేరింది. పాత సిలబస్ వాళ్లకు ఈసారే ఆఖరి అవకాశమని యూనివర్సిటీ ప్రకటించాక మాత్రం కూర్చోవడం మానేసింది. నిలబడే ఉంటోంది.

మానస మొగుడు తిరుపతి నాచారంలో బిస్కెట్ల కంపెనీలో షిఫ్ట్ సూపర్‌వైజర్. స్వయానా మేనబావ. చెడ్డవాడేం కాదు. 'అయినట్టే' అన్న మాటొక్కటే అతని జబ్బు. ప్లంబర్ నంబరు దొరికితే చాలు, ట్యాంకు బాగయినట్టే.

"పనులు పేరుకుంటున్నయంటవ్ గద, ఒక యాప్ పెట్టుకుందాం. నా ఫోన్ల, నీ షాపు కంప్యూటర్ల, రెండిట్ల కనవడాలె" అన్నాడొక రోజు.

మొదటి యాప్‌లో, ఫోన్లో రాసిన పని కంప్యూటర్లో రెండుసార్లు పడింది. ఆ సాయంత్రం ఇంటికి బట్టతలాయనలు ఇద్దరొచ్చారు. ఒకరినొకరు చూసుకుని, సర్దుకుని కూర్చున్నారు. దాన్ని తీసేశారు. రెండోది గంట మోగించేది. మోగినప్పుడల్లా హాల్లో అందరూ లేచి నిలబడేవాళ్లు. అదీ పోయింది. మూడోది నచ్చింది. ఎవరి పని వాళ్ల పేరు మీద ఉంటుంది, ఒకరు టిక్ పెడితే రెండోవాళ్లకు తెలుస్తుంది. మానసకు కొంచెం ఆశ కలిగింది.

తిరుపతి ప్లంబర్‌కు ఫోన్ చేసి టిక్ పెట్టాడు. బట్టతలాయన సోఫాలోంచి లేచి, వంటింట్లోకి నడిచొచ్చి, మానస పక్కన పీట వాల్చుకున్నాడు. తిరుపతి చేతులు దులుపుకున్నాక, ఇక తనను చేసే మనిషి ఆమే అన్నట్టు.

"టిక్ పెట్టినవ్. ప్లంబర్ వచ్చిండా?" అని అడిగింది మానస.

"రేపొస్తనన్నడు. అయినట్టే."

కొన్నాళ్లకు తిరుపతి పేరు కింద అన్నీ టిక్కులే. మానస వంటింట్లో కాలు పెట్టే సందు లేదు.

శనివారం షాపులో గిరాకీ మధ్య మానస కంప్యూటర్లో యాప్ తెరిచింది. ఎకనామిక్స్ పేపరు మీద టిక్ ఉంది. పరీక్షకు దరఖాస్తు పంపడానికి అదే ఆఖరి రోజు, మధ్యాహ్నం పంపుదామనుకుంటోంది. నైట్ షిఫ్ట్ చేసొచ్చి ఇంట్లో ఉన్న తిరుపతికి ఫోన్ చేసింది.

"నా పరీక్షకు టిక్ ఎవరు పెట్టిన్రు బావా?"

"నేనే. ఎట్లయిన ఇయ్యాల పంపుతవ్ గద. అయినట్టే అని పెట్టిన."

"ఆ పిల్ల ఉన్నదా ఇంట్ల?"

"చెప్పులేసుకొని బయటికి పోయింది. దుకాణానికేమో అనుకున్న."

చేయడానికి రెండో మనిషి లేని పనికి టిక్ పడితే ఏమవుతుందో మానసకు తెలుసు. ఎదురింటి కామాక్షి పెట్టాలనుకున్న టైలరింగ్ షాపు ఇలాగే మెట్రో ఎక్కి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. కామాక్షి ఇప్పుడు దాని ఊసే ఎత్తదు.

మానస బిల్లు సగంలో వదిలేసి పరిగెత్తింది. ఉప్పల్ మెట్రో మెట్లెక్కుతున్న అమ్మాయిని బ్యాగు పట్టుకుని ఆపింది.

"ఎటు పోతున్నవే?"

"టిక్ పెట్టిన్రు గదక్కా. అయిపోయిన పనికి ఇంట్ల ఏం పని?"

మానస ఆ మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. తన మీద తనకే జాలేసింది, ఇన్నేళ్లు ఊరుకున్నందుకు కోపమూ వచ్చింది. కళ్లు తుడుచుకుని, అమ్మాయిని వెంటబెట్టుకుని కింద ఇంటర్నెట్ సెంటర్‌లో దరఖాస్తు పంపింది. అయినా అమ్మాయి వెళ్లలేదు. చదవడం, రాయడం మిగిలే ఉన్నాయి కదా. బ్యాగులోంచి పుస్తకం తీసి మానస చేతిలో పెట్టింది.

దాన్ని తెరవడానికి ఆ వంటింట్లో చోటు లేదు. నారపల్లిలో తల్లి రాములమ్మ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది, షాపుకు అక్కణ్నుంచీ బస్సులో రావచ్చు. షాపుకు తిరిగి వెళ్లి, సాయంత్రం డ్యూటీ అయ్యాక మానస అమ్మాయితో వరంగల్ రోడ్డు వైపు నిలబడి బస్సెక్కింది. కండక్టరమ్మ ఇద్దరినీ చూసి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్లు రెండు కొట్టి ఇచ్చింది.

బస్సు కదిలాక తిరుపతి ఫోన్ చేశాడు. గొంతులో ఓపిక లేదు.

"వంటింట్ల ఉన్నోళ్లందరు హాల్లకొచ్చిన్రు. నా సుట్టే కూసున్నరు. నువ్వెప్పుడొస్తవ్?"

"పరీక్ష రాసినంక" అంది మానస.