చీనా బల్లకు మేకులు

చీనా బల్లను బలద్‌లోని పాతింటి నుంచి రాబిగ్‌లో కట్టిన కొత్తింటికి గీత పడకుండా చేరిస్తే, చుట్టీ ఇచ్చి ఊరికి పంపిస్తానని, వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న అరబ్బు యజమాని, కఫీల్, మాటిచ్చాడు. డ్రైవర్ మస్తాన్ వలీకి అంతకన్నా ఏం కావాలి? కడప దగ్గర పల్లెలో కొడుకు పుట్టి ఏడాది దాటింది. వాడి ముఖం ఇంతవరకు ఫోటోలోనే చూశాడు. పాపం, తన పరుపే బల్లకు చుట్టి, బాలింతను తీసుకుపోతున్నట్టు వ్యాన్ నడిపాడు.

దించుతుంటే బల్ల కాలొకటి ఊడి చేతికొచ్చింది. మస్తాన్ వలీ పైప్రాణాలు పైనే పోయాయి. మేకులు రాలిపోయాయేమోనని మోకాళ్ళ మీద పాకుతూ వ్యానంతా వెతికాడు. ఉంటే కదా దొరకడానికి! సాయానికొచ్చిన గులాం మొహిద్దీన్, ఊడిన బల్లకాలి కొసన చెక్కిన నాలుకనూ, బల్ల అడుగున దానికి సరిపోయే గాడినీ చూసి, ఇది దూర్చిపెట్టే రకమేమో అన్నాడు.

"మేకుల్లేకుండా బల్ల యాడన్నా నిలబడతాదా అన్నా? ఆయప్ప చెయ్యేస్తే ఊగిందనుకో, నా చుట్టీ గోవిందా" అని మస్తాన్ వలీ కొట్టిపారేశాడు. కాలికి రెండేసి మేకులు దిగ్గొట్టి, తలలు లోపలికి అణచి, రంపపు పొట్టు బంకలో కలిపి పూసి, పైన వార్నిష్ పట్టించాడు. ఇక ఏనుగెక్కినా బల్ల కదలదు.

శుక్రవారం విందుకు చుట్టాలొచ్చారు. కఫీల్ బల్ల మీద చెయ్యేసి కథ ఎత్తుకున్నాడు. హజ్‌కు వచ్చిన చీనా ముసలాయన తన తాతకిచ్చాడట. చెక్కలో చెక్క దూర్చి బిగించిన పనట. ఎండకు ముడుచుకున్నా, తేమకు ఉబ్బినా అతుకే సర్దుకుంటుందట. పుట్టిన నాటి నుంచి ఒక్క మేకు ఎరగదట! కూజాలోంచి గహ్వా కాఫీ పోస్తున్న మస్తాన్ వలీ, కప్పు నిండి పొర్లుతున్నా పోస్తూనే ఉన్నాడు.

చుట్టాల్లో ఒకాయన బల్లను ఊపి చూశాడు. కదల్లేదు. చీనావాళ్ళ పనితనానికి అందరూ మాషా అల్లా అన్నారు.

కఫీల్ ఉబ్బిపోయి మస్తాన్ వలీ భుజం తట్టాడు. "ఇంత భద్రంగా తెచ్చినవాణ్ణి ఇప్పుడెట్లా వదులుతాను? తాతగారి కుర్చీలు, పెట్టెలు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాయి. అవన్నీ వచ్చాక పోదువులే" అన్నాడు, వచ్చిన హిందీలో.

నిజం చెబితే ఆ పూటే దేశం విడిచిపొమ్మనే ఖురూజ్ ముద్ర కొట్టించి శాశ్వతంగా పంపేస్తాడు. అప్పుడు కొడుకు దక్కుతాడు, కూడు దక్కదు. చెప్పకపోతే కూడు దక్కుతుంది. మస్తాన్ వలీ కూజా నింపుకు రావడానికి లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు.

ఎప్పుడొస్తారని భార్య మేరాజ్ బేగం ఫోన్‌లో అడిగింది. పని బాగా చేసినానని మెచ్చుకున్యారు, ఇప్పట్లో వదలరంట అన్నాడు. మెచ్చుకున్నారంటే ఆమె సంబరపడింది.

"పిల్లోనికి మాటలొస్తాండాయి. మీ ఫోటోను అబ్బా అని పిలుస్తాండాడు" అని చెప్పింది.