ఆదాం మేస్త్రి లెక్క

బోరు మోటారు పొట్టలోంచి మాడిన రాగితీగను కటింగ్ ప్లేయరుతో లాగి లాగి స్క్రాప్ డబ్బాలో పారేస్తున్నాడు అయూబ్. ఆఖరి ముక్క చేతికొచ్చాక గుర్తొచ్చింది. ఒక్కో స్లాటు గాడిలో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టనే లేదు. డబ్బాలో అప్పటికే నాలుగు మోటార్ల తీగ ఉంది, ఇదీ అందులో కలిసిపోయింది.

ముప్పై ఏళ్ల పనిలో ఎన్నడూ చేయని తప్పు. ఎదురుగా రైతు కూర్చుని పొద్దుటినుంచీ ఊపిరాడనివ్వకపోతే ఇలాగే అవుతుంది మరి.

"పూత రాలిపోతోందయ్యా అయూబూ. మూడెకరాల మిరప. రేపు కరెంటిచ్చేసరికి మోటారు బోర్లో ఉండాల" అన్నాడు వెంకటనారాయణ, పదోసారి.

"ఉంటుందిలెండి."

నోరైతే అంది గానీ, ఎలాగో తనకే తెలీదు. చుట్లు తగ్గితే మోటారు గంటలో మాడిపోతుంది, పెరిగితే నీళ్లు ఎక్కవు. మోటారు మీద వివరాలున్న రేకు ఎప్పుడో ఊడిపోయింది.

అయూబ్‌కి పని నేర్పిన మేస్త్రి చుట్లు లెక్కపెట్టేటప్పుడు గోడవైపు తిరిగేవాడు. ఆ బుద్ధే ఇతనికీ అంటింది. పెదవి కదపకుండా లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. ఈ కొలత మోటారు మాత్రం అందులో లేదు. అలాంటివాడికి ఆరేళ్ల కిందట పాటల కోసం ఫోను కెలుకుతుంటే పిడుగురాళ్ల ఆదాం మేస్త్రి వీడియో తగిలింది. విరిగిన కళ్లజోడుకి దారం కట్టుకున్న ఆ మనిషి లెక్కంతా పైకి అరిచి చెబుతున్నాడు. వీడికేం పిచ్చా అనుకున్నాడు అయూబ్. అనుకుని, మర్నాడు మళ్లీ చూశాడు. కొత్తరకం మోటార్ల పనంతా అలా చూసి చూసి వచ్చిందే. ఆదాం నడిపే వాట్సాప్ గ్రూపులోనూ చేరాడు. ఆరేళ్లలో అక్కడ ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. ఊళ్లో మాత్రం అంతా తన బుర్రే అన్నట్టు తిరిగాడు.

ఇప్పుడు షాపు వెనక్కి వెళ్లి గ్రూపులో మొదటిసారి నోరు విప్పాడు. "అన్నా, మూడు హెచ్‌పీ, ఇరవై నాలుగు స్లాట్లు, జానెడు పొడవు. టర్నులు చూసుకోకుండా పీకేశాను. తెలిస్తే చెప్పండన్నా." సిగ్గుతో చెవులు కాలాయి.

"ఫోను పట్టుకుని కూర్చున్నావేంటయ్యా? చేతగాకపోతే చెప్పు, చిలకలూరిపేట తీసకపోతా" అన్నాడు వెంకటనారాయణ.

పదకొండింటికి ఆదాం నంబరు నుంచి, గ్రూపులో కాకుండా విడిగా, ఫొటో వచ్చింది. నోటుపుస్తకంలో పేజీ, అదే కొలత, పక్కన నలభై రెండు చుట్లు. పేజీ ఎగరకుండా పైన కళ్లజోడు. కింద వాయిస్ మెసేజీ ఉంది గానీ, వినే తీరికెక్కడిది?

సాయంత్రానికి ఆ లెక్కనే తీగ చుట్టి, మోటారును నీళ్ల డ్రమ్ములో దించి, మీట నొక్కేముందు అయూబ్ కళ్లు మూసుకున్నాడు. మోటారు సన్నగా మూలిగి, తిరిగింది. మీటరు ముల్లు ఎక్కడుండాలో అక్కడే నిలిచింది.

"నీ చెయ్యి మంచిదయ్యా" అంటూ వెంకటనారాయణ దాన్ని ఆటో ఎక్కించుకుపోయాడు.

అప్పుడు ఆ వాయిస్ మెసేజీ విన్నాడు. ఆడగొంతు.

"నేను హెలెన్‌నండి, ఆదాం గారి భార్యని. ఆదివారం ఆయన పోయారండి, గుండె ఆగి. గ్రూపులో చెప్పాలంటే నోరు రావట్లేదు. మీరడిగింది పుస్తకంలో కనపడింది. ఆయనైతే ఊరుకోరు గదా అని పెట్టాను. సరిపోయిందో లేదో చెప్పండి."

అయూబ్‌కి ఏడుపొచ్చింది. ఆరేళ్లు నేర్చుకుని, నీ దగ్గర నేర్చుకున్నానని ఆ మనిషికి ఒక్క మాట చెప్పలేదు.

కళ్లు తుడుచుకుని ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. "సరిపోయిందమ్మా. నేను ఆయన శిష్యుణ్ణి."

తర్వాత బీరువా తాళం తీశాడు. గ్రూపులో ముందు ఆ పేజీ ఫొటో పెట్టి, ముప్పై ఏళ్లు దాచిన లెక్కలు ఒక్కొక్కటే పైకి చదివి పంపడం మొదలుపెట్టాడు. ఫోను తెర మీద పైన ఇంకా ఆ పేజీ ఉంది, దాని మీద దారం కట్టిన కళ్లజోడు.