మూడు గంటల రెండు సెకన్లు

జూలై పద్దెనిమిదో తేదీ, గురువారం, ఉదయం పదకొండు గంటలు. వర్షపాత దస్తావేజుల కార్యాలయం, రెండో అంతస్తు, డైరెక్టరు గారి గది. హాజరైనవారు: డైరెక్టరు గారు, పరిపాలనాధికారి, పాత వర్షపాత పుస్తకాలను పదకొండేళ్ళుగా కంప్యూటర్లోకి ఎక్కిస్తున్న వానక్క, కార్యాలయపు కంప్యూటర్ల బాధ్యత చూసే నేను. వానక్క అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించదు.

బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటి సిద్ధంగా ఉంది. సోమవారం మధ్యాహ్నం వానక్క తన నాలుగు నెలల దిద్దుబాట్లను కావాలని చెరిపివేసిందనీ, ఈ నెలాఖరుతో ఆమె ఉద్యోగం ముగుస్తుందనీ, అచ్చు కాబోయే సంపుటాల్లో ఆమె పేరు ఉండదనీ అందులో ఉంది. కింద మూడు సంతకాలకు చోటు. పరిపాలనాధికారి అప్పటికే పెట్టేశాడు. సాంకేతిక సాక్షిగా తరువాతిది నాది.

సాక్ష్యం బలమైనదే. మా దస్తావేజులన్నీ ఊరికి దూరంగా ఉన్న సర్వరులో ఉంటాయి. అది మనిషిని ముఖం చూసి కాక, కంప్యూటర్లో దాచుకున్న కీ అనే రహస్య సంకేతం చూసి గుర్తుపడుతుంది. ఎవరి కీకి సర్వరులో వారి దస్తావేజులుండే గదే తెరుచుకుంటుంది. సోమవారం తలుపు తీసింది వానక్క కీ అని, సర్వరు రాకపోకలు రాసుకునే పట్టీ అయిన లాగ్‌లో స్పష్టంగా ఉంది. పైగా అంతకు నాలుగు రోజుల ముందు, ఆమె పనిని బయటి కంపెనీకి ఇస్తారన్న మాట చెవిన పడి, వరండాలో నిలబడి "నా అంకెలన్నీ తుడిచేసి మరీ పోతా" అన్నది. విన్నవాళ్ళం ముగ్గురం.

"సోమవారం మూడింటికి ఎక్కడున్నారమ్మా?" అని పరిపాలనాధికారి అడిగాడు.

"వేళ్ళకి వ్యాయామం చేయించుకోడానికి క్లినిక్కి వెళ్ళా."

"బయటికెళ్తే రిజిస్టర్లో రాయాలి కదా."

"వేళ్ళు వంగట్లేదని వెళ్తున్నదాన్ని. ఆ వేళ్ళతోనే ముందు సంతకం పెట్టి వెళ్ళమంటే ఎలా సార్?"

డైరెక్టరు గారు నవ్వు కనపడకుండా కళ్ళద్దాలు తుడుచుకున్నారు. పరిపాలనాధికారి తగ్గలేదు.

"క్లినిక్కి వెళ్తే మాత్రం? ఫలానా టైముకి చెరపమని కంప్యూటరుకి ముందే పురమాయించి పోవచ్చట కదా." నా వైపు తిరిగాడు. "పోవచ్చా, లేదా?"

"పోవచ్చు" అన్నాను.

వానక్క నన్ను చూసింది. "నువ్వూ అదే అనుకుంటున్నావా తమ్ముడూ?"

"లాగ్ అలా చెప్తోందక్కా."

"లాగ్ సంగతి కాదు. నీ సంగతి అడిగా."

నేను కలం తీశాను. కానీ చదవకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదు. కాగితానికి జతచేసిన లాగ్ ప్రతిని మళ్ళీ చదివాను. తలుపు తెరుచుకున్న సమయం మూడు గంటల సున్నా నిమిషాల రెండు సెకన్లు. ఉదయం నుంచి అది నా కళ్ళ ముందే ఉంది. ప్రతి సోమవారం మూడు గంటలు కొట్టగానే మేలుకొని, సరిగ్గా రెండు సెకన్లకు సర్వరు తలుపు తట్టే ప్రోగ్రాం ఒకటి ఉంది. దాన్ని రాసింది నేను.

అరగంట గడువు అడిగి నా గదికి వెళ్ళాను. పది నిమిషాలు కూడా పట్టలేదు.

రెండేళ్ళ కిందట వానక్క కీళ్ళ నొప్పి ముదిరింది. కీని వాడాలంటే ముప్పై ఒక్క అక్షరాల రహస్య వాక్యం కొట్టాలి. ఆమె రోజుకు పదిసార్లు కొట్టి, ఆరుసార్లు తప్పు కొట్టేది. చూడలేక ఆమె కంప్యూటర్లో నేను ఒక ఏజెంటును పెట్టాను. తెర వెనక కూర్చుని పనిచేసే చిన్న ప్రోగ్రాం అది. పొద్దున ఒక్కసారి వాక్యం కొడితే సాయంత్రం దాకా కీని తన దగ్గరే ఉంచుకుంటుంది. కీని ఎవరి చేతికీ ఇవ్వదు. సర్వరు రుజువు అడిగినప్పుడు ఆమె తరఫున తానే సంతకం చేసి పంపుతుంది. సర్వరుకు వెళ్ళే దారిలో అందరం వాడే మధ్య కంప్యూటరు నుంచి కూడా అది అందేలా చేశాను, ఆమెకు మరికాస్త సుఖంగా ఉంటుందని.

సోమవారం మూడింటికి మేలుకొని చెత్త శుభ్రం చేసే నా ప్రోగ్రాం ఆ మధ్య కంప్యూటర్లోనే నడుస్తుంది. నా కంప్యూటర్లోనూ ఉన్న అలాంటి ఏజెంటును వాడుకుని సర్వరులోకి వెళ్ళి, 'పాతవి' అనే ఫోల్డరును ఖాళీ చేసి వస్తుంది. నా గదిలో ఆ పేరుతో ఉండేది చెత్త. సోమవారం కంటి పరీక్ష కోసం నేను కంప్యూటరు ఆపి వెళ్ళాను. నా ఏజెంటు లేదు. లేకపోతే దొరికిన ఏజెంటును వాడుకోమని ఆరేళ్ళ కిందట నేనే ఒక వరుస రాశాను. వానక్క ఏజెంటు దొరికింది. ఆమె గది తెరుచుకుంది. ఆమె కూడా తన పాత పుస్తకాల దిద్దుబాట్లను 'పాతవి' అనే పేరుతోనే దాచుకుంది. పోయినవి తిరిగి తెచ్చుకోడానికి సర్వరుకు ఉన్న నకలు నాలుగు నెలల నాటిది. ఆ నకళ్ళు తీయవలసిన బాధ్యత కూడా నాదే.

తిరిగి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను.

"అంటే ఆ ఏజెంటు ఎవరడిగినా సంతకం పెట్టేస్తుందా?" అంది వానక్క.

"తన దాకా రాగలిగితే చాలక్కా. ఎవరు, ఎందుకు అని అడగదు."

ఆమె పరిపాలనాధికారి వైపు చూసింది. "మీకు తోడు దొరికింది సార్."

ఆయన ఆ కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు. డైరెక్టరు గారు దాన్ని అడిగి తీసుకుని నాలుగు ముక్కలు చేశారు. "ఇంకోటి రాయండి. మీరే రాయండి" అన్నారు నాతో.

రాశాను. తప్పు నాదని, దిద్దుబాట్లు తిరిగి పూర్తయ్యేదాకా ఆ పని వానక్కదేనని, సంపుటాల మీద ఆమె పేరు ఉంటుందని, ఇకపై ఏజెంటు సంతకం చేసే ముందు ప్రతిసారీ తెర మీద ఆమెను అడుగుతుందని, ఆమె ఒక్క మీట నొక్కితే చాలునని.

"నాలుగు నెలల పని, ఈ వేళ్ళతో" అంది ఆమె నెమ్మదిగా. "రోజూ ఒక గంట నువ్వొచ్చి చదువు, నేను ఎక్కిస్తా. వాన పడని రోజులు కూడా చదవాలి. సున్నా, సున్నా, సున్నా అని. ఎగ్గొడితే ఊరుకోను."

"చదువుతానక్కా." అదీ రాశాను.

ఆమె కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని మొదటి నుంచి చదివింది. "ఒకటి తక్కువైంది."

"ఏంటక్కా?"

"పొద్దున నేనడిగిన దానికి జవాబు."

కాగితం వెనక్కి తీసుకుని, ఖాళీగా ఉన్న చివరి గీత మీద రాశాను: 'లాగ్‌లో ఆమె పేరు చూసి నేను కూడా ఆమెనే అనుమానించాను. ఆమెను ముందుగా అడగలేదు.'

డైరెక్టరు గారు సంతకం చేశారు. పరిపాలనాధికారి ఈసారి రెండుసార్లు చదివి చేశాడు. తరువాత నేను. చివర వానక్క కలాన్ని రెండు వేళ్ళ మధ్య కుదుర్చుకోవడానికి చాలాసేపు పట్టింది, ఎవరూ తొందరపెట్టలేదు. సిరా ఆరాక కాగితాన్ని తానే మూడు మడతలు పెట్టి నా చేతికిచ్చింది. నేను దాన్ని ఆమె ఫైలులో చివరి కాగితంగా పెట్టి, ఫైలు బీరువాలో పెట్టాను.